ఇంటికొచ్చిన బడ్జీల జంట

డిసెంబరు సెలవుల్లో డర్బన్‌లో, చుట్టుపక్కల ఊళ్ళలో, కొన్ని ఇళ్ళకు ఒక చిన్న అట్టపెట్టె వస్తుంది. పెట్టెకు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. లోపలి నుండి గోళ్ళతో గీకుతున్న చప్పుడు వినబడుతుంది. పిల్లలు పెట్టె చుట్టూ చేరతారు. "ఏ రంగు? పేరేమిటి? మాట్లాడుతుందా?" అని ఒకేసారి అడుగుతారు.

పెట్టెలో ఉన్నవి రెండు బడ్జీ పిట్టలు. ఒక్కో పిట్ట బరువు 30 నుండి 40 గ్రాములు. రెండూ కలిపితే ఒక పెద్ద కోడిగుడ్డంత. బాగా చూసుకుంటే ఇవి 5 నుండి 10 ఏళ్ళు బతుకుతాయి. ఈరోజు మీ 8 ఏళ్ళ పాపకు తెచ్చిన పిట్ట, ఆ పాప మెట్రిక్ పరీక్ష రాసే రోజున కూడా మీ ఇంట్లో పాడుతూ ఉండవచ్చు. చూసుకోకపోతే మాత్రం ఒక్క మధ్యాహ్నంలో ప్రాణం పోవచ్చు. రెండూ మీ చేతిలో ఉన్నాయి.

ఈ వ్యాసంలో మాటలు చిన్నవిగా, వాక్యాలు పొట్టిగా ఉంటాయి. మీరు తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా చదవగలరు. గట్టిగా చదవండి. పక్కన పిట్టలుంటే అవి కూడా వింటాయి.

ఈ పిట్ట ఏ ఊరిది?

బడ్జీ ఒక చిన్న చిలుక. దాని సొంత ఊరు ఆస్ట్రేలియా. అక్కడ లోపలి పొడి నేలల్లో, గడ్డి మైదానాల్లో ఇవి గుంపులు గుంపులుగా ఎగురుతాయి. నీళ్ళు, గడ్డి గింజలు ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్తాయి. జాన్ గౌల్డ్ అనే పక్షుల పండితుడు 1840లో వీటిని ప్రాణంతో ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అక్కడి నుండి ఇవి ప్రపంచమంతా పాకాయి.

అడవిలోని బడ్జీ ఆకుపచ్చగా ఉంటుంది. ముఖం పసుపు. రెక్కల మీద నల్లని చారలు. నీలం, తెలుపు, బూడిద రంగులు మనుషుల పెంపకంలో వచ్చినవి.

ఆంధ్రాలో, తెలంగాణలో మీ చుట్టాలు ఈ పిట్టలను చూస్తే "లవ్ బర్డ్స్" అంటారు. అక్కడ అంగళ్ళలో కూడా అదే పేరు. కానీ అసలైన లవ్ బర్డ్స్ వేరే జాతి. అవి ఆఫ్రికా పక్షులు. వాటిలో ఒకటి మన పొరుగు దేశం నమీబియాలో ఉంటుంది. మీ చుట్టాలు ఫోనులో "లవ్ బర్డ్స్ కొన్నారా?" అని అడిగితే, "లవ్ బర్డ్స్ మా ఆఫ్రికావి, ఇవి బడ్జీలు" అని మీరు చెప్పవచ్చు.

మరి మన పాత కథల్లోని చిలుక ఏది? అది రామచిలుక. పెద్దది, ఆకుపచ్చది, ఎర్రని ముక్కు, పొడవైన తోక. ఆ రామచిలుకలు ఇప్పుడు డర్బన్‌లో కూడా చెట్ల మీద గుంపులుగా అరుస్తూ కనబడతాయి. పంజరాల నుండి తప్పించుకున్న పక్షుల సంతతి అవి. మన పెరళ్ళలో తిరిగే గోరింక కూడా ఇండియా నుండి వచ్చినదే. తెలుగులో భార్యాభర్తలు అన్యోన్యంగా ఉంటే "చిలకా గోరింకల్లా ఉన్నారు" అంటారు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. ఆ తరువాతి ఏళ్ళలో విశాఖపట్నం, చిత్తూరు వైపుల నుండి మన పెద్దలు చెరకు తోటల పనికి వచ్చారు. వాళ్ళ మాటలోని చిలక, గోరింక రెండూ ఇప్పుడు వాళ్ళ మునిమనవల పెరట్లోనే ఉన్నాయి.

ఒకటా, రెండా?

"ఒకటే కొనండి, అప్పుడు బాగా మాట్లాడుతుంది" అని కొందరు చెబుతారు. ఇందులో కొంత నిజం ఉంది. ఒంటరి పిట్ట మనిషినే తన జట్టు అనుకుంటుంది. మనిషి గొంతును అనుకరిస్తుంది. కానీ ఆలోచించండి. మీరు ఉదయం 7 గంటలకు పనికి వెళ్తారు. పిల్లలు బడికి వెళ్తారు. సాయంత్రం దాకా ఇల్లు ఖాళీ. గుంపులో బతికే పిట్టకు ఆ పది గంటలు చాలా పొడుగు. అద్దం పెడితే అది తోడు కాదు. అద్దంలో పిట్ట ఎప్పుడూ జవాబు చెప్పదు.

అందుకే రెండు మంచిది. అవి ఒకదాని తల ఒకటి గోకుతాయి. ఒకదాని పక్కన ఒకటి నిద్రపోతాయి. మాటలు తక్కువ నేర్చినా, హాయిగా ఉంటాయి.

ఏ జంట కొనాలి? ముక్కు పైన, రంధ్రాల చుట్టూ ఉన్న మెత్తని చోటు చూడండి. పెద్ద మగపిట్టలో అది సాధారణంగా నీలం. పెద్ద ఆడపిట్టలో తెల్లగానో గోధుమ రంగులోనో ఉంటుంది. పిల్ల పిట్టలో మగదానికి గులాబీ లేదా లేత ఊదా రంగు ఉంటుంది. కొన్ని రంగుల పిట్టల్లో ఈ గుర్తు పనిచేయదు. పిల్ల పిట్టను గుర్తు పట్టడానికి నుదురు చూడండి. నల్లని చారలు ముక్కు దాకా వస్తే అది 3, 4 నెలల లోపు పిల్ల.

రెండు మగపిట్టలు సాధారణంగా బాగా కలిసిపోతాయి. రెండు ఆడపిట్టలు పోట్లాడుకోవచ్చు. ఒక మగ, ఒక ఆడ అయితే కలిసి ఉంటాయి. కానీ గూడు పెట్టె మాత్రం పంజరంలో పెట్టకండి. గూడు చూస్తే ఆడపిట్ట గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మళ్ళీ మళ్ళీ గుడ్లు పెడితే దాని ఒంట్లోని సున్నం తగ్గిపోతుంది. గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం పోతుంది.

కొనేటప్పుడు పిట్ట కళ్ళు మెరుస్తూ ఉండాలి. ఈకలు శుభ్రంగా ఉండాలి. తోక కింద మురికి ఉండకూడదు. ముక్కు మీద తేనెపట్టులా గరుకు పొర ఉంటే అది పురుగు జబ్బు కావచ్చు. అలాంటి పిట్టను ఇంట్లో పాత పిట్టల దగ్గరికి తేవద్దు. ఇంట్లో ఇప్పటికే ఒక పిట్ట ఉంటే, కొత్తదాన్ని కనీసం 30 రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో ఉంచండి. ముందు పాతదానికి తిండి పెట్టండి. ఆ తరువాత కొత్తదానికి పెట్టండి. మధ్యలో చేతులు కడుక్కోండి.

పంజరం ఎలా ఉండాలి?

బడ్జీ హెలికాప్టర్‌లా నిలువుగా ఎగరదు. అడ్డంగా ఎగురుతుంది. అందుకే పంజరం ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. రెండు పిట్టలకు కనీసం 80 సెంటీమీటర్ల పొడవు ఉంటే మంచిది. ఊచల మధ్య దూరం 1.2 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే తల ఇరుక్కుంటుంది. గుండ్రని పంజరం చూడటానికి బాగుంటుంది, పిట్టకు మాత్రం మూల దొరకదు. నాలుగు మూలలున్నదే కొనండి. తుప్పు పట్టిన పాత పంజరం, పెచ్చులూడే రంగు వేసిన పంజరం వద్దు. పిట్ట ఊచలను కొరుకుతుంది. సీసం, జింకు దాని ఒంట్లోకి వెళ్తే విషం.

కూర్చోవడానికి నున్నని ప్లాస్టిక్ కర్రలు మాత్రమే పెడితే కాళ్ళకు పుండ్లు పడతాయి. మీ పెరట్లో జామచెట్టు ఉందా? ఒక కొమ్మ కోయండి. కడగండి. ఎండలో ఆరబెట్టండి. అదే మంచి కర్ర. ఒక చోట సన్నగా, ఒక చోట లావుగా ఉంటుంది కనుక కాళ్ళకు వ్యాయామం. మందార కొమ్మ కూడా పనికొస్తుంది. గన్నేరు కొమ్మ మాత్రం విషం. అవొకాడో కొమ్మ కూడా వద్దు.

పంజరాన్ని కూర్చునే గదిలో, మీ కంటి ఎత్తులో, ఒక పక్క గోడకు ఆనించి పెట్టండి. వెనక గోడ ఉంటే పిట్టకు ధైర్యం. వంటింట్లో పెట్టకండి, కారణం కింద చెబుతాను. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి. వరండాలో ఒంటరిగా వదలకండి. మన ఊళ్ళలో వర్వెట్ కోతులు ఉన్నాయి, పాములు ఉన్నాయి, ఎలుకలు ఉన్నాయి. కోతి చెయ్యి ఊచల మధ్య దూరుతుంది.

పంజరం అడుగున పాత వార్తాపత్రిక పరవండి. రోజూ మార్చండి. మార్చేటప్పుడు రెట్టలు చూడండి. ఎందుకో తరువాత చెబుతాను.

మొదటి మూడు రోజులు

పిట్టకు మీ ఇల్లు కొత్త. మీ గొంతు కొత్త. కుక్క మొరుగు కొత్త. అది భయంతో ఒక మూల కదలకుండా కూర్చుంటుంది. ఇది మామూలే. మీరు చేయవలసిన పని ఒకటే: తక్కువ చేయడం.

పెట్టెను పంజరం తలుపు దగ్గర పెట్టి, పిట్ట తనంతట తాను లోపలికి వెళ్ళనివ్వండి. గింజలు గిన్నెలోనే కాదు, అడుగున కాగితం మీద కూడా కొన్ని చల్లండి. కొత్త పిట్టకు గిన్నె ఎక్కడుందో తెలియదు. నేల మీది గింజలు తెలుస్తాయి. నీళ్ళు కనబడేలా పెట్టండి.

మొదటి మూడు రోజులు పంజరంలో చెయ్యి పెట్టేది తిండికి, నీళ్ళకు, కాగితానికి మాత్రమే. నెమ్మదిగా పెట్టి నెమ్మదిగా తీయండి. చుట్టాలను పిలిచి చూపించకండి. పిల్లలు పంజరం పక్కన కూర్చుని కథ చదవవచ్చు. పిట్ట వైపు అదే పనిగా చూడకూడదు. చూపు నిలిపి చూసేది వేటాడే జంతువు. పక్కకు చూస్తూ మాట్లాడేది స్నేహితుడు.

రాత్రి 10 నుండి 12 గంటలు నిద్ర కావాలి. టీవీ గదిలో పంజరం ఉంటే, చీకటి పడ్డాక పల్చని గుడ్డ కప్పండి. గాలి వచ్చేలా ఒక పక్క వదిలేయండి.

ఒక రోజంతా రెండింటిలో ఏదీ గింజ ముట్టకపోతే, రెట్ట వేయకపోతే, ఆగకండి. వెట్‌కు ఫోను చేయండి. ఇంత చిన్న ఒంటికి ఆకలి తట్టుకునే శక్తి తక్కువ.

చేతికి మచ్చిక చేయడం

వారం గడిచాక మీరు దగ్గరికి వస్తే పిట్టలు పారిపోకపోతే, రెండో మెట్టు ఎక్కవచ్చు. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు చాలు.

మొదట చెయ్యి పంజరం బయట ఆనించి ఉంచండి. పిట్టలు తమ పని చేసుకుంటుంటే, మర్నాడు చెయ్యి లోపల పెట్టి కదలకుండా ఉంచండి. మూడో మెట్టులో చేతిలో ఒక కొర్ర కంకి పట్టుకోండి. దూరం నుండి మెడ చాచి తింటుంది. రోజురోజుకూ కంకిని పొట్టిగా పట్టుకోండి. ఒకరోజు పిట్ట మీ వేలి మీద కాలు వేస్తుంది. అప్పుడు "ఎక్కు" అనండి. తరువాత కంకి లేకుండా, కాళ్ళకు కాస్త పైన, పొట్టకు మెల్లగా వేలు ఆనించి "ఎక్కు" అనండి. ఎక్కుతుంది.

జంట మచ్చిక కావడానికి ఒంటరి పిట్ట కన్నా ఎక్కువ రోజులు పడుతుంది. వాటికి మీరు అవసరం కాదు, ఇష్టం కావాలి. సాధారణంగా రెండింటిలో ఒకటి ధైర్యం గలది ఉంటుంది. దానితో మొదలుపెట్టండి. రెండోది చూసి నేర్చుకుంటుంది. ఎప్పుడూ పిడికిట్లో పట్టుకోకండి. ఒక్కసారి పట్టుకుంటే నెల రోజుల నమ్మకం పోతుంది. బడ్జీ ఊపిరి తీసుకోవాలంటే ఎదురు రొమ్ము ముందుకూ వెనక్కూ కదలాలి. గట్టిగా పట్టుకుంటే ఊపిరి ఆగుతుంది.

మొదటిసారి బయటికి వదిలే ముందు ఈ పనులు చేయండి. కిటికీలు మూయండి. అద్దాల మీద పరదా వేయండి. సీలింగ్ ఫ్యాను ఆపండి. కుక్కను, పిల్లిని వేరే గదిలో పెట్టండి. నీళ్ళున్న బకెట్ల మీద మూత పెట్టండి. తరువాత పంజరం తలుపు తెరిచి మీరు కూర్చోండి. తరమకండి. ఆకలి వేస్తే అవే పంజరానికి వస్తాయి.

గింజల పొట్లంలో మన పంటలు

బడ్జీ గింజల పొట్లం విప్పి ఒక చెంచాడు తెల్ల కాగితం మీద పోయండి. వేలితో వేరు చేయండి. అక్కడ మీ ముత్తాతల పొలం కనబడుతుంది.

గుండ్రంగా, లేత పసుపుగా, చాలా చిన్నగా ఉన్నవి కొర్రలు. ఇక్కడ రైతులు వాటిని మన్నా అంటారు. అంగడిలో దొరికే పొడవైన కంకి, పిట్టలు ప్రాణంగా తినేది, కొర్ర కంకే. కొంచెం పెద్దగా, తెల్లగా మెరిసేవి వరిగలు. కొన్ని పొట్లాల్లో బూడిద రంగు గింజలు ఉంటాయి. అవి సజ్జలు. దక్షిణాఫ్రికాలో వాటి పేరు బబాలా. రెండు కొనలూ సన్నగా, కోడెద్దు కన్నులా ఉండే గింజ కెనరీ గింజ. అది మాత్రం మన పంట కాదు.

ఆంధ్ర దేశంలో బియ్యం అందరికీ అందని కాలంలో ఊళ్ళలో జనం కొర్రన్నం, సజ్జ రొట్టె, వరిగల అన్నం తిన్నారు. ఇప్పుడు అక్కడ పట్టణాల్లో ఆరోగ్యం కోసం మళ్ళీ కొని తింటున్నారు. ఇక్కడ మన ఇళ్ళలో ఆ పేర్లు చాలామంది మరిచిపోయారు. గింజలు మాత్రం పిట్టల గిన్నెలో ఉన్నాయి. పేర్లు తిరిగి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఒక్కో పిట్టకు రోజుకు ఒకటిన్నర నుండి రెండు చిన్న చెంచాల గింజలు చాలు. ఒక్క జాగ్రత్త. పిట్ట గింజను ఒలిచి, పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. సాయంత్రం గిన్నె నిండుగా కనబడుతుంది. కానీ అందులో ఉన్నది పొట్టు మాత్రమే. గిన్నె నిండా ఉందని అనుకుంటే కింద పిట్ట ఆకలితో చస్తుంది. అవ్వలు చేటలో బియ్యం చెరిగినట్టు, రోజూ గిన్నెను బయటికి తీసి ఊదండి. పొట్టు ఎగిరిపోతుంది. మిగిలిన గింజలు చూడండి. అప్పుడు కొత్తవి పోయండి.

గింజలు మాత్రమే తింటే పిట్ట లావెక్కుతుంది, విటమిన్లు అందవు. రోజూ కాస్త పచ్చని ఆకు ఇవ్వండి. కొత్తిమీర బాగా ఇష్టపడతాయి. క్యారెట్ తురుము, బ్రోకలీ, ఆపిల్ ముక్క ఇవ్వవచ్చు. ఆపిల్ గింజలు తీసేయండి. మామిడి ముక్క చిన్నది, అప్పుడప్పుడు. అన్నీ బాగా కడగండి. డర్బన్ ఎండాకాలపు ఉక్కలో తడి తిండి తొందరగా పాడవుతుంది. రెండు గంటల తరువాత తీసేయండి. ఎండాకాలంలో నీళ్ళు రోజుకు రెండుసార్లు మార్చండి.

సున్నం కోసం పంజరానికి ఒక కటిల్‌బోన్ తగిలించండి. మన పాత వైద్యుల మాటలో దాని పేరు సముద్రపు నురుగు. నురుగులా తేలికగా, తెల్లగా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. పిట్టలు దానికి ముక్కు అరగదీసుకుంటాయి.

మన ఇంట్లోనే ఉన్న ప్రమాదాలు

ఈ భాగం పిల్లలకు కూడా చదివి వినిపించండి.

మొదటిది పొగ. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కెనరీ పిట్టలను పంజరాల్లో లోపలికి తీసుకువెళ్ళేవారు. విషపు గాలి ఉంటే మనిషి కన్నా ముందు పిట్ట పడిపోయేది. పక్షి ఊపిరితిత్తులు గాలిని మన కన్నా బాగా పీల్చుకుంటాయి. గాలిలో విషం ఉంటే దాన్ని కూడా అంతే బాగా పీల్చుకుంటాయి.

నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోయి బాగా వేడెక్కితే దాని పూత నుండి ఒక ఆవిరి వస్తుంది. కంటికి కనబడదు. కొన్ని నిమిషాల్లో పిట్ట చనిపోతుంది. వంటింట్లో పంజరం వద్దని చెప్పింది అందుకే. పిట్టలున్న ఇంట్లో ఇనుప పెనం మంచిది. దోసె కూడా దాని మీదే బాగా వస్తుంది.

శుక్రవారం సాంబ్రాణి, పురటాసి నెలలో గోవిందుడి పూజకు కర్పూరం, రోజూ అగరువత్తి. ఇవి మన ఇళ్ళలో ఉంటాయి, ఉండాలి. పూజ మానవద్దు. పూజ గది తలుపు మూయండి, కిటికీ తెరవండి, పంజరాన్ని ఇంటికి అవతలి చివర పెట్టండి. బ్రాయి పొగ ఇంట్లోకి వచ్చే వైపు పంజరం వద్దు. కరెంటు పోయినప్పుడు పారఫిన్ దీపం పిట్టల గదిలో వెలిగించవద్దు.

రెండోది అవొకాడో. మన క్వాజులు-నటాల్‌లో అవొకాడో చెట్టు లేని వీధి తక్కువ. మనకు ఎంతో మంచి పండు. బడ్జీకి విషం. పండు, ఆకు, తొక్క ఏదీ వద్దు. అవొకాడో తిన్న చేత్తో పిట్టకు తిండి పెట్టకండి. చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన చిప్స్ కూడా వద్దు.

మూడోది చప్పుడు. దీపావళికి, నవంబరు 5న గై ఫాక్స్ రాత్రికి, కొత్త సంవత్సరానికి టపాసులు పేలతాయి. చీకట్లో బెదిరిన పిట్ట పంజరంలో పిచ్చిగా ఎగిరి రెక్క విరుచుకుంటుంది. ఆ రాత్రి పంజరాన్ని లోపలి గదిలో పెట్టండి. చిన్న దీపం వెలిగించి ఉంచండి. రేడియో మెల్లగా పెట్టండి.

నాలుగోది ఎండ. కారులో పంజరం వదిలి అంగడికి వెళ్ళవద్దు. పిట్ట నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పుతుంటే దానికి వేడి ఎక్కువైంది. నీడకు తీసుకువెళ్ళండి, నీళ్ళు పెట్టండి.

దాచుకునే జబ్బు

అడవిలో జబ్బు పిట్టను డేగ ముందు పట్టుకుంటుంది. అందుకే బడ్జీ జబ్బును దాచుకుంటుంది. గుంపులో మామూలుగా ఉన్నట్టు నటిస్తుంది. మీకు కనబడే రోజుకు జబ్బు చాలా ముదిరి ఉంటుంది. "రేపు చూద్దాం" అన్న మాటే ఎక్కువ ప్రమాదం.

ఈ గుర్తులు గుర్తుంచుకోండి. పగటిపూట కూడా ఈకలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని కూర్చోవడం. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగడం. కర్ర మీద కాక పంజరం అడుగున కూర్చోవడం. తల మీది ఈకలు వాంతితో తడిసి అతుక్కోవడం. రెట్ట మారిపోవడం. మంచి రెట్ట ముదురు ఆకుపచ్చ చుట్ట, మధ్యలో తెల్లని చుక్క. అందుకే రోజూ కాగితం చూడమన్నాను.

వంటింటి తూకం ఒకటి పంజరం దగ్గర పెట్టుకోండి. వారానికి ఒకసారి, ఉదయం, చిన్న కొమ్మను తూకం మీద పెట్టి పిట్టను ఎక్కించండి. బరువు ఒక పుస్తకంలో రాయండి. 35 గ్రాముల పిట్ట 3 గ్రాములు తగ్గిందంటే, 70 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు. కంటికి తెలియనిది తూకానికి తెలుస్తుంది.

జబ్బు చేసిన పిట్టను చీకటిగా, వెచ్చగా ఉండే చిన్న పెట్టెలో పెట్టండి. గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా ఒక పక్కన ఉంచండి. వేడి ఎక్కువైతే అవతలికి జరగడానికి చోటు ఉండాలి. అలాగే పక్షులను చూసే వెట్ దగ్గరికి తీసుకువెళ్ళండి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు, పసుపు, నూనె ఏవీ వేయకండి. మంచి వెట్ ఫోను నంబరు జబ్బు వచ్చాక వెతకడం కన్నా, పిట్టలను తెచ్చిన వారమే వెతికి గోడ మీద రాసి పెట్టుకోవడం మేలు.

మీ ఆరోగ్యం కూడా ముఖ్యం. పంజరం శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎండిన రెట్టలను పొడిగా ఊడ్చకండి, తడిపి తుడవండి. చిలుకల నుండి మనుషులకు వచ్చే సిట్టకోసిస్ అనే ఒక జబ్బు ఉంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడిదగ్గు వస్తే "మా ఇంట్లో పిట్టలున్నాయి" అని డాక్టరుకు చెప్పండి.

పిట్టతో తెలుగు

అమెరికాలో పక్ అనే ఒక బడ్జీకి 1,728 మాటలు వచ్చని గిన్నిస్ పుస్తకం రాసింది. అది 1994లో చనిపోయింది. మీ పిట్టల నుండి అంత ఆశించకండి. మగపిట్టలు ఎక్కువగా మాట్లాడతాయి. జంటలోని పిట్టలు తమ భాషలోనే ఎక్కువ మాట్లాడుకుంటాయి. అయినా రోజూ ఒకే వేళకు, ఒకే మాటను, స్పష్టంగా, ఉత్సాహంగా చెబితే నెలల తరువాత ఒకరోజు "బాగున్నావా?" అని వినబడవచ్చు.

వినబడకపోయినా నష్టం లేదు. ఎందుకంటే ఇక్కడ నేర్చుకునేది మీరు కూడా. అర్థం తెలియకుండా వల్లించే మాటలను తెలుగులో చిలక పలుకులు అంటారు. కొంచెం ఎగతాళిగా అంటారు. కానీ ఏ భాష అయినా మొదట చిలక పలుకులతోనే మొదలవుతుంది. చుట్టాల ముందు తెలుగు మాట్లాడితే తప్పు పోతుందని, నవ్వుతారని చాలామంది నోరు తెరవరు. పిట్ట నవ్వదు. "ళ"కు బదులు "ల" అన్నా పట్టించుకోదు. మీరు వందసార్లు చెప్పినా వింటుంది.

ఈ మాటలతో మొదలుపెట్టండి. ఉదయం గుడ్డ తీసేటప్పుడు "లే, తెల్లవారింది". గింజలు పోసేటప్పుడు "తిను". నీళ్ళు మార్చేటప్పుడు "నీళ్ళు తాగు". వేలు చాచి "ఎక్కు". కిందికి దించి "దిగు". రాత్రి గుడ్డ కప్పేటప్పుడు "పడుకో".

ఇప్పుడు ఒక చిన్న వ్యాకరణం. ఒక పిట్టను పిలిస్తే "రా". రెండింటినీ పిలిస్తే "రండి". తాతను పిలిచేటప్పుడు కూడా "రండి" అంటాం. తాత ఒక్కరే అయినా "రండి" అనడం గౌరవం. పిట్టలకు "రండి" అనడం లెక్క. అలాగే ఒకటి "తింటుంది", రెండు "తింటాయి". లెక్కలో "రెండు పిట్టలు" అనాలి, "ఇద్దరు పిట్టలు" అనకూడదు. ఇద్దరు అన్నది మనుషుల లెక్క. అయితే ఆరు నెలలు గడిచాక ఇంట్లో ఎవరో ఒకరు "ఇద్దరూ పడుకున్నారా?" అని అడుగుతారు. అప్పుడు సరిదిద్దకండి. పిట్టలు ఇంట్లో మనుషులైపోయాయని అర్థం.

ఈ వ్యాసంలోని మాటలు

పిట్ట: చిన్న పక్షి.
పంజరం: పక్షిని ఉంచే ఊచల పెట్టె.
ఊచ: పంజరంలోని సన్నని ఇనుప కడ్డీ.
ఈక: పక్షి ఒంటి మీద ఉండేది. 
రెట్ట: పక్షి వేసే మలం.
కంకి: గింజలు అంటుకుని ఉన్న పైరు కొస.
పొట్టు: గింజ పై తొక్క.
చెరగడం: చేటలో గింజలు ఎగరేసి పొట్టు తీయడం.
మచ్చిక: జంతువుకు మనిషి అలవాటు కావడం.
ఉక్క: గాలి లేని తడి వేడి.

చదివాక మాట్లాడండి

1. మీ ఇంట్లో పిట్టలకు ప్రమాదమైనవి ఏవి ఉన్నాయి? గది గదికీ తిరిగి తెలుగులో చెప్పండి.
2. మీ అవ్వ, తాత ఏ గింజలు తిన్నారు? వాటి పేర్లు అడిగి రాసుకోండి.
3. మీ పిట్టలకు ఏ తెలుగు పేర్లు పెడతారు? ఎందుకు?